నాయినమ్మ చెట్టు పిలక

నల్లగొండ

చి॥ సౌ॥ సుమతికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.  

చిన్నోడి ఫోనులో వచ్చిన నీ ఉత్తరాన్ని పెద్దమ్మ రెండుసార్లు చదివించుకుంది. పెరట్లో కల్యామాకు గుంపు కట్టిందని, తల్లిచెట్టు చుట్టూ పదకొండు పిలకలు లేచాయని వినగానే "మా అత్త చెయ్యి వచ్చింది పిల్లకు" అని మురిసిపోయింది. నాకూ సంతోషమే. కానీ ఉత్తరం చివర రాసిన రెండు మాటల దగ్గర ఆగిపోయాను. ఆ పిలకల్లో ఐదింటిని వచ్చే నెల విసేలియాలో స్నేహితురాలి గృహప్రవేశానికి కారులో పట్టుకుపోతానన్నావు. సంక్రాంతికి వచ్చినప్పుడు నాయినమ్మ చెట్టు పిలక ఒకటి తడిగుడ్డలో చుట్టి సూట్‌కేసులో పెట్టుకుంటానన్నావు.

రెండూ వద్దు బిడ్డా. ఎందుకు వద్దో చెప్పడానికే కూర్చున్నాను. రాత్రి నిద్ర కూడా సరిగా పట్టలేదు.

ముందు పిలక సంగతి. చేత్తో పీకి కుండీలో పెట్టిన రెండూ నాలుగు రోజుల్లో వాడిపోయాయని రాశావు. పిలకకు అప్పుడే సొంత వేరు ఎక్కడిది? తల్లి వేరు మీద పాలు తాగే పిల్ల అది. తల్లివైపు పార దింపి ఆ అడ్డవేరును తెంపు. తెంపి, పిలకను కదిలించకుండా అక్కడే ఉంచి నీళ్లు పెడుతూ ఉండు. కొన్నాళ్లు ఆకు వేలాడేస్తుంది, భయపడకు. నెల, నెలన్నరకు కొత్త చిగురు తీసిందంటే కింద తన వేర్లు తాను పట్టుకున్నట్టు. అప్పుడు పొద్దు వాలాక, మట్టిగడ్డ చెదరకుండా లేపు. మాకు తొలకరి పడ్డాక, మీకు చలి పోయాక. ఇంకో సంగతి, చెట్టు మొదట్లో ఊరికే తవ్వకండి. వేరుకు పార దెబ్బ తగిలిన చోటల్లా ఒక పిలక లేస్తుంది. పదకొండు లేచాయంటే అక్కడ గడ్డి కోసం ఎవరో గట్టిగానే తవ్వి ఉంటారు.

ఇలా తీసిన పిలకలను నువ్వు మీ పెరట్లోనే పెట్టుకో, వద్దనను. పెరటి హద్దు దాటించడమే వద్దు.

నువ్వు నాయినమ్మ మనవరాలివి. ఇవ్వకుండా ఉండలేవని నాకు తెలుసు. మా అమ్మ చెట్టు పిలక పట్టుకుపోని ఇల్లు మా వాడలో లేదు. కాయలు నల్లబడితే పికిలి పిట్టలు తిని గోడ పొడుగునా గింజలు వేసేవి. ఆ మొలకలను కూడా వదిలేది కాదు. పగిలిన కుండ అడుగుల్లో, తుప్పుపట్టిన నూనె డబ్బాల్లో పెట్టి వాకిట్లో వరసగా ఉంచేది. ఎవరైనా చల్లకు వచ్చినా, అప్పు తీర్చడానికి వచ్చినా, పోయేటప్పుడు చేతిలో ఒక డబ్బా ఉండాల్సిందే. "ఇచ్చేటోళ్ల ఇంట్లనే చెట్టు పచ్చగుంటది" అనేది.

పెద్దమ్మ కూడా అంతే. పెళ్లయిన ఏడాది పుట్టింటికి పోయి వచ్చేటప్పుడు చామంతి పిలకలు తెచ్చింది. తడి గోనెసంచిలో చుట్టి, దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చుంది. సంచి నీరు కారి కొత్త చీర ముందు భాగమంతా ఎర్రమట్టి. నేను కోపం చేశాను. ఆమె ఏమీ మాట్లాడలేదు. దిగగానే చీరైనా మార్చుకోకుండా బావి దగ్గర పాదు తీసి ఒక్కొక్క పిలకా విడదీసి నాటింది. ఇప్పటికీ పూలు అయిపోయాక మొక్కల్ని కిందికి కోసేస్తుంది, మొదట్లో లేచిన పిలకలు విడదీసి మళ్లీ నాటుతుంది, మిగిలినవి ఊరందరికీ పంచుతుంది. ఆ రోజు కోపం చేసినందుకు నాకు ఇప్పటికీ బాధే. ఎటో పోయాను, మళ్లీ సంగతికి వస్తాను.

బావి కింది ఆరెకరాల బత్తాయి తోట నీకు లీలగా గుర్తుండాలి. సాత్‌గుడి రకం. కాపు అందుకున్నాక మధ్యలో కొన్ని చెట్లు ఎండిపోయి నలభై ఖాళీలు పడ్డాయి. మన దగ్గరి బంధువే ఒకాయన, పేరెందుకులే, తన తోటకు తెచ్చిన అంటుమొక్కలు మిగిలాయి, డబ్బులు వద్దు, పట్టుకుపొమ్మన్నాడు. ఎడ్లబండి మీద తెచ్చి మీ బాపు, నేను ఒక్క సాయంత్రంలో నాటేశాం. ఎక్కడి తల్లిచెట్టు నుంచి కన్ను తీసి కట్టారని అడగాలని మా ఇద్దరికీ తోచలేదు. ఊరికే ఇచ్చినవాణ్ణి ఏమని అడుగుతాం? నాయినమ్మ ఆయనకు బదులుగా ఒక బుట్టెడు జామపండ్లు, రెండు కల్యామాకు పిలకలు పంపింది.

రెండేళ్లు పోయాక ఆ నలభైలో కొన్నింటికి ఒక్కో కొమ్మ పసుపు తిరిగింది. చెట్టంతా పచ్చగా ఉండి ఒక్క కొమ్మే అలా అవుతుంది. జింకు లోపమనుకుని జింకు సల్ఫేటు కొట్టాం. మళ్లీ కొట్టాం. పక్క చెట్లకూ పాకింది. చివరికి ఒక ఉద్యాన శాస్త్రవేత్త తోటకు వచ్చాడు. ఒక ఆకు తెంపి నడిమి ఈనె మీదుగా పుస్తకంలాగా మడిచి నా చేతికిచ్చాడు. జింకు లోపమైతే ఈనెకు ఇటుపక్క పసుపు ఎలా ఉంటే అటుపక్కా అలాగే ఉంటుందట. నా చేతిలోని ఆకులో ఒక సగానికి మరో సగానికి పొంతన లేదు. తర్వాత కాయ కోశాడు. ఒక పక్క బాగా ఊరింది, ఒక పక్క నొక్కుకుపోయింది. కింది సగం పచ్చగానే ఉండిపోయింది. గింజలు తాలు. నోట్లో వేసుకుంటే చేదు.

గ్రీనింగ్ తెగులు అన్నాడు. పట్టిన చెట్టును బాగుచేసే మందు లేదు, తీసెయ్యాల్సిందే అన్నాడు. జబ్బు చెట్టు నుంచి తీసిన కన్నుతో అంటు కడితే మొక్కతోపాటే జబ్బూ వస్తుంది. వచ్చాక దాన్ని చెట్టు నుంచి చెట్టుకు మోసేది ఒక పురుగు, సిల్లా అంటారు. నువ్వు గింజంత ఉంటుంది. తల కిందికి, తోక పైకి పెట్టి ఏటవాలుగా కూర్చుంటుంది. లేత చిగురు మడతల్లోనే గుడ్లు పెడుతుంది, నారింజ రంగువి. పిల్లపురుగుల ఒంటి నుంచి తెల్లటి మైనం దారాలు వస్తాయి.

ఆయన అక్కడితో ఆగలేదు. ఇంట్లో నిమ్మజాతి చెట్లు ఇంకేమున్నాయని అడిగి వాకిట్లోకి వచ్చి, మా అమ్మ కల్యామాకు కొమ్మ వంచాడు. కల్యామాకు కూడా నిమ్మ, బత్తాయిల కుటుంబానిదే బిడ్డా. దానికి ఆ జబ్బు రాదు. ఆకు మెరుస్తూనే ఉంటుంది, వాసన గుమగుమలాడుతూనే ఉంటుంది. పురుగు మాత్రం దాని చిగుళ్లలో హాయిగా పిల్లలు పెడుతుంది, ఎగిరిపోయి జబ్బు బత్తాయి రసం పీలుస్తుంది, అక్కడి నుంచి మంచి చెట్టు మీద వాలుతుంది. భూతద్దం పెట్టి ఆ తెల్లటి దారాలు చూపించాడు. మా అమ్మ కూడా వంగి చూసింది. లేచి, "నేనిచ్చిన పిలకలల్ల కూడ పోయిందా సారూ ఇది?" అని అడిగింది. ఆయన జవాబు చెప్పలేదు. పోయింది అనడానికి ఆయన దగ్గర రుజువు లేదు, పోలేదు అనడానికి మనసు రాలేదనుకుంటాను.

ఆ తర్వాత ఆమె వాకిట్లో డబ్బాలు పెట్టలేదు.

ఆరెకరాలూ ఒకేసారి పోలేదు. ఏటా కొన్ని కొట్టించాం. కాపుమీదున్న చెట్టును గొడ్డలితో కొడుతుంటే బత్తాయి వాసన చెలక దాటి వచ్చేది. కొట్టడం మొదలుపెట్టిన ఏడే మీ బాపు హైదరాబాద్ పోయాడు. మిగతాది నీకు తెలిసిందే. ఆ బంధువు మీద నాకు కోపం లేదు. ఆయన తోట కూడా పోయింది. ఆయన ఇచ్చింది మంచి మనసుతోనే. నువ్వు ఇవ్వబోయేదీ మంచి మనసుతోనే. అందుకే నాకు ఇంత భయం.

ఇక మీ దేశం సంగతి చిన్నోడితో చదివించుకున్నాను. ఫ్లోరిడాలో ఈ పురుగు మొదట 1998లో కనబడింది. కుండీల్లో అమ్మే మధుకామిని మొక్కల మీద కూర్చుని రాష్ట్రమంతా తిరిగింది. అదీ కల్యామాకుకు దగ్గరి చుట్టమే. 2005లో జబ్బు బయటపడింది. 2003-04లో ఆ రాష్ట్రంలో 24 కోట్ల పెట్టెల నారింజలు పండాయి. 2022-23లో 1.6 కోట్ల పెట్టెలు. తుపానుల దెబ్బ కూడా అందులో ఉంది, కానీ నడుము విరిచింది ఈ తెగులే. మీ కాలిఫోర్నియాలో ఈ జబ్బు 2012లో లాస్ ఏంజెలెస్ దగ్గర మొదటిసారి దొరికింది. దొరికింది పెద్ద తోటలో కాదు, ఒక ఇంటి పెరటి చెట్టులో. ఎవరో ఇష్టంగా పెంచుకున్న చెట్టే అయివుంటుంది. నువ్వు పోతానన్న విసేలియా ఉన్నది టులేరీ కౌంటీలో, చుట్టూ నారింజ తోటలే. అక్కడి రైతుల్లో ఒక్కడికి కూడా మీ బాపుకు, నాకు వచ్చిన బాధ రాకూడదు.

పురుగు దొరికిన ప్రాంతాలకు అక్కడి ప్రభుత్వం హద్దులు గీసింది. నిమ్మజాతి మొక్కల్ని, వాటితోపాటు కల్యామాకు మొక్కల్ని ఆ హద్దు దాటించకూడదు. మీ ఇల్లు ఏ హద్దులో ఉందో మీ కౌంటీ వ్యవసాయ కమిషనర్ ఆఫీసుకు ఫోను చేసి కనుక్కో. హద్దులో లేకపోయినా పట్టుకుపోవద్దనే నా మాట. నీ స్నేహితురాలికి కల్యామాకు కావాలంటే వాళ్ల ఊళ్లోనే, తనిఖీ అయిన నర్సరీలో కొనిపెట్టు. డబ్బుకు వెనకాడకు. మొక్క చీటీ కూడా చూసి తీసుకో.

గృహప్రవేశానికి చేతులూపుకుంటూ పోవాలా అంటావు. పుదీనా ఉంది కదా, నేలమీద పాకే తీగల్ని కణుపుల దగ్గర తెంపితే ప్రతి ముక్కకూ వేరు ఉంటుంది. కడిగి నీళ్ల సీసాలో పెట్టి పట్టుకుపో. తొట్టిలోనే పెట్టుకొమ్మని, నేలలో దించితే మరో కూరకు చోటివ్వదని ఇచ్చేటప్పుడే చెప్పు. బచ్చలి పండ్లు ఎండబెట్టి గింజలివ్వు. ఒక ఏడు వేస్తే మరుసటేడు వెచ్చబడగానే రాలిన గింజలే మొలుస్తాయి.

సూట్‌కేసు మాట రాయడానికి చెయ్యి ఆడటం లేదు. నాయినమ్మ చెట్టు పిలక కావాలని నువ్వు అడిగావంటే, ఆమె పోయి ఇన్నేళ్లయినా నీకు ఆ వాకిలి గుర్తుందంటే, నేను ఇంతసేపు చేసిన బోధ నాకే బరువుగా ఉంది. అయినా వద్దు. ఇక్కడి నుంచి కల్యామాకు మొక్కను గానీ పచ్చి ఆకును గానీ మీ దేశంలోకి రానివ్వరు. విమానాశ్రయంలో తీసి పారేస్తారని కాదు నా భయం, కనబడకుండా పోతుందేమోనని. మా అమ్మ చెట్టు పేరు చెప్పి ఇంకో తోటకు చీడ పోతే, ఆ రోజు ఆమె అడిగిన ప్రశ్నకు నేను జవాబు చెప్పాల్సి వస్తుంది.

చెట్టు ఇక్కడే ఉంటుంది. పాత మాను ఎప్పుడో పుచ్చిపోయింది. ఇప్పుడున్నది దాని వేరు నుంచి లేచిందే, అంటే అదే చెట్టు. నువ్వు వచ్చినప్పుడు దాని మొదట్లో పులిసిన మజ్జిగ నీ చేత్తో పోయించాలని పెద్దమ్మ అప్పుడే చెబుతోంది. పిల్లలకు కొమ్మ అందేలా కిందికి కత్తిరించి పెడతాను. ఉన్నన్నాళ్లూ రోజూ చారులో వేసుకోండి.

ఒక్క పని మాత్రం ఆలస్యం చేయకు. ఆదివారం వీడియో చేసినప్పుడు ఫోను మీ పెరటి చెట్టు దగ్గరికి పట్టుకుపో. లేత చిగురు ఒకటి వంచి, మడతలు విప్పి, దగ్గరగా పెట్టు. కదిలించకుండా పట్టుకో. నా కళ్లు మసకేశాయి, పెద్దమ్మ చూస్తుంది. తెల్లటి దారాలు ఎలా ఉంటాయో ఆమెకు తెలుసు.

అల్లుడికి మా దీవెనలు. పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
మీ పెదనాన్న