డోలు దెబ్బ ఎందుకు పలచబడింది?

ప్రశ్న: మా బాపు కొన్న పాత స్టీరియోకు ఫోన్ కలిపి ఒగ్గుకథ పెడుతున్న. డోలులో బలం లేదు, పైగా గుయ్యిమని మోత. స్టీరియో చెడిపోయిందా?
– ఒక పాఠకుడు, చింతమడక, సిద్దిపేట జిల్లా

జవాబు: అప్పుడే దాన్ని అమ్మకండి. సీడీ ప్లేయర్ దాదాపు 2 వోల్టుల సిగ్నల్ ఇస్తుంది. ఫోన్ ఇచ్చేది సాధారణంగా 1 వోల్టు, లేదా అంతకన్నా తక్కువ. కాబట్టి ఫోన్ వాల్యూమ్ 80-90 శాతం ఉంచి, మిగతాది స్టీరియోలో సర్దుకోండి. వైరు ‘ఆక్స్’ అని ఉన్నచోటే పెట్టాలి. ‘ఫోనో’ గ్రామఫోన్ రికార్డులకు మాత్రమే. అందులో పెడితే శబ్దం పగులుతుంది.

మోత చాలాసార్లు ఛార్జర్ వల్ల వస్తుంది. తీసేసి వినండి.

డోలు విషయంలో నా అనుమానం స్పీకర్ వైర్ల మీద. ఒక స్పీకర్‌కు ఎరుపు, నలుపు తారుమారైతే ఒకటి గాలిని ముందుకు నెడుతుంటే రెండోది వెనక్కు లాగుతుంది. దాంతో లోతైన శబ్దాలే మొదట చచ్చిపోతాయి. ఒగ్గుకథకు ప్రాణమే డోలు, అది పోతే ఏం మిగులుతుంది? వైర్లు సరిచేశాక కూడా తాళాలు మసకగా వినిపిస్తే లోపం ఫైలుదే. 64 కేబీపీఎస్ ఎంపీ3ని 320కి మార్చినా పోయిన శబ్దం తిరిగిరాదు. అసలు క్యాసెట్ దొరికితే నేరుగా 256లో ఎక్కించుకోండి.