పారిపోయాడా? వెళ్ళిపోయాడా?

జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ నది ఒడ్డున భుయ్యాడీహ్ అనే పేట ఉంది. వానాకాలంలో నది పొంగితే అక్కడి పల్లపు ఇళ్ళలోకి నీళ్ళు వచ్చేస్తాయి. ఆ ఊళ్ళో పనిచేసిన రోజుల్లో, రెండు వాయిదాలు తప్పిన ఒక చిన్న రుణం సంగతి చూడడానికి అక్కడికి వెళ్ళాను. ఇంటికి తాళం. ఎంత పిలిచినా పలికినవారు లేరు. గోడ మీద నడుము ఎత్తున తడి మరక కనిపించింది గాని, అదేమిటా అని ఆలోచించలేదు. తిరిగొచ్చి రిపోర్టులో ‘అబ్‌స్కాండింగ్’ అని రాసేశాను.

పది రోజుల తర్వాత ఆ ఇంటి అవ్వ వాయిదా డబ్బు పట్టుకుని తానే వచ్చింది. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. “ఎక్కడికి పారిపోతాం బాబూ! నీళ్ళొచ్చీసినాయి. పిల్లల్నెత్తుకుని బడికెళ్ళిపోనాం” అంది. ఆ మాట కొట్టేశాను. అయినా మరుసటి ఏడు కొత్త రుణం అడిగినప్పుడు, ఫైలు చూసిన ప్రతివారూ ఆ కొట్టివేత కింద ఏముందా అని చూశారు.

అందుకే ఈసారి పాఠం ‘పారిపోవడం’ మీద. ఇంగ్లీషులో దీనికి బోలెడు మాటలున్నాయి. ఏది వాడాలో తేల్చుకునే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: మనిషి ఎందుకు వెళ్ళాడు?

ఫ్లీ: ఆపదకు జడిసి పారిపోవడం. ఇందులో తప్పు చేశాడన్న అర్థం ఉండి తీరాలని లేదు. భూతకాలంలో ‘ఫ్లెడ్’. ఎగరడానికి వాడే ‘ఫ్లై’, ‘ఫ్లూ’లతో కలపకండి. దేశం విడిచి పారిపోయాడనడానికి ‘ఫ్లెడ్ ద కంట్రీ’ చాలు, మధ్యలో ‘ఫ్రమ్’ అక్కర్లేదు.

ఎవాక్యుయేట్: ఖాళీ చేయించడం. వరదకో మంటలకో ముందు అధికారులు జనాన్ని సురక్షితమైన చోటికి తరలించడం. అవ్వ కుటుంబం గురించి నేను రాయవలసిన మాట ఇది.

అబ్‌స్కాండ్: లాటిన్ మూలంలో ‘దాచు’ అని అర్థం. చట్టానికి దొరక్కుండా తప్పించుకు తిరగడం, మన ‘పరారీ’. వారంటు ఉన్న మనిషి ఇలా దాక్కున్నాడని నమ్మడానికి కారణం ఉంటేనే కోర్టు ప్రకటన ఇస్తుంది. హాజరు కావడానికి కనీసం 30 రోజుల గడువూ ఇస్తుంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 82వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 84వ సెక్షన్. కోర్టు ఇంత ఆచితూచి వాడే మాటను నేను ఒక తాళం చూసి రాసేశాను.

ఫ్యుజిటివ్: పారిపోయి తిరుగుతున్న మనిషి. 2018లో వచ్చిన ఫ్యుజిటివ్ ఎకనామిక్ అఫెండర్స్ చట్టం 100 కోట్ల రూపాయలు, ఆపై మొత్తాల నేరాల్లో విచారణ తప్పించుకోవడానికి దేశం దాటినవారి కోసం.

డికాంప్: సైనికులు గుడారాలు పీకి కదలడం నుంచి వచ్చింది. మన ‘బిచాణా ఎత్తేయడం’ కూడా పక్క చుట్టేయడమే కదా! ‘దొంగలు నగదుతో డికాంప్ అయ్యారు’ అన్నది మన ఇంగ్లీషు పత్రికలకు ఇష్టమైన వాక్యం.

ఎలోప్: ప్రేమించినవారితో లేచిపోవడం.

డిజర్ట్: సైన్యాన్నో కుటుంబాన్నో విడిచిపోవడం. రెండో అక్షరం ఒత్తి పలకాలి. మొదటిది ఒత్తితే ఎడారి అయిపోతుంది.

ఫ్రెంచ్ లీవ్: చెప్పకుండా మాయమవడం. ఫ్రెంచివారు ఇదే పనిని ‘ఇంగ్లీషువాళ్ళలా జారుకోవడం’ అంటారు. తప్పు ఎప్పుడూ పొరుగువాడిదే!

ఇక సరదా మాటలు. ‘స్కెడాడిల్’ 1861 ప్రాంతంలో అమెరికా అంతర్యుద్ధ సైనికుల నోట వ్యాప్తిలోకి వచ్చింది. ‘వమూస్’ స్పానిష్ నుంచి వచ్చింది. పరుగు లంకించుకోవడానికి ఇంగ్లీషువారు మడమలను నమ్ముకుని ‘టేక్ టు వన్స్ హీల్స్’ అంటే, మనం కాళ్ళకు బుద్ధి చెబుతాం. ఉడాయిస్తాం, చెక్కేస్తాం, జారుకుంటాం. జంషెడ్‌పూర్ తెలుగు పిల్లలనడిగితే ఇంకొకటి చెబుతారు: ‘నౌ దో గ్యారహ్’. తొమ్మిదీ రెండూ పదకొండు, మనిషి మాయం!

ఈ మాటలు కబుర్లలో ఎలా వాడినా నవ్వుకుంటాం. ఫైల్లో మాత్రం కళ్ళతో చూసిందే రాయాలి. తాళం కనిపిస్తే ‘హౌస్ ఫౌండ్ లాక్డ్’ అని, తేదీ, సమయం వేస్తే చాలు. ఎందుకు తాళం వేశారో తెలుసుకోవడానికి ఇంకోసారి వెళ్ళాలి.

ఇంట్లో పిల్లలతో కలిసి ప్రయత్నించండి. సరైన మాట ఏది?

1. తుపాను రాకముందే అధికారులు తీరగ్రామాన్ని ఖాళీ చేయించారు.
2. చీటీల డబ్బుతో యజమాని బిచాణా ఎత్తేశాడు.
3. పులిని చూసి మేకలు పారిపోయాయి.
4. కాపలా సైనికుడు దళాన్ని విడిచి వెళ్ళిపోయాడు.
5. ఇంటికి తాళం ఉంది, కారణం తెలియదు.

జవాబులు: 1. ఎవాక్యుయేటెడ్. 2. డికాంప్డ్. 3. ఫ్లెడ్. 4. డిజర్టెడ్. 5. పైన చెప్పిన మాటల్లో ఏదీ కాదు. మొదట కనుక్కోండి.