సుగ్గికి పోయినా పింఛను తేదీ తప్పకుండా: కంప్యూటర్‌లో క్యాలెండర్ కలుపుకోవడం ఎలా?



ఎన్టీఆర్ భరోసా పింఛను ప్రతి నెలా 1వ తేదీన ఇంటి దగ్గరే ఇస్తారు. 1వ తేదీ సెలవైతే సాధారణంగా ముందు రోజే ఇస్తారు. 2024 సెప్టెంబరు 1 ఆదివారం కాబట్టి ఆగస్టు 31నే ఇచ్చారు. 2026లో ఫిబ్రవరి 1, మార్చి 1 రెండూ ఆదివారాలే. మన పడమటి మండలాల వాళ్లు మిరప కోతకు గుంటూరు వైపు సుగ్గికి పోయే రోజులు కూడా అవే.

ఎందుకు జాగ్రత్త?

వరుసగా రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెల అన్నీ కలిపి ఇస్తారు. నెలకు రూ.4,000 వచ్చే అవ్వకు రూ.12,000 అందుతుంది. మూడో నెలా లేకపోతే శాశ్వతంగా వలస పోయినట్టు లెక్కేసి పింఛను ఆపేస్తారు. ఫిబ్రవరి, మార్చి తప్పినవాళ్లు ఏప్రిల్ పింఛను రోజుకు ఊర్లో ఉండాల్సిందే.

క్యాలెండర్ ఎవరు చేయాలి?

పొదుపు సంఘం లెక్కలు రాసే అమ్మాయి గానీ, చదువుకున్న మనవడు గానీ గూగుల్ క్యాలెండర్‌లో ఈ తేదీలు రాయొచ్చు. కంప్యూటర్‌లో ఆ క్యాలెండర్ సెట్టింగ్స్ తెరిచి, "ఇంటిగ్రేట్ క్యాలెండర్" కింద ఉన్న ఐకాల్ సీక్రెట్ అడ్రస్ కాపీ చేసి మిగతా ఇళ్లకు పంపాలి.

థండర్‌బర్డ్‌లో కలుపుకోవడం

1. ఎడమ పక్క క్యాలెండర్ గుర్తు నొక్కి, "న్యూ క్యాలెండర్" ఎంచుకోండి.
2. "ఆన్ ది నెట్‌వర్క్" ఎంచుకుని "నెక్స్ట్" నొక్కండి.
3. "లొకేషన్" గడిలో ఆ అడ్రస్ అతికించండి. యూజర్ నేమ్ అక్కర్లేదు.
4. "ఫైండ్ క్యాలెండర్స్", తర్వాత "సబ్‌స్క్రైబ్" నొక్కండి.

అవుట్‌లుక్ వాడేవాళ్లు "యాడ్ క్యాలెండర్"లోకి పోయి, పాతదాంట్లో "ఫ్రమ్ ఇంటర్నెట్", కొత్తదాంట్లో "సబ్‌స్క్రైబ్ ఫ్రమ్ వెబ్" ఎంచుకోవాలి.

ఇక్కడే చాలామంది పొరబడతారు

"ఇంపోర్ట్" చేస్తే ఆ రోజు ఉన్న తేదీలు మాత్రమే వస్తాయి. గోడ మీద పాత క్యాలెండర్ లాగా అవి ఇక మారవు. "సబ్‌స్క్రైబ్" చేస్తే రాసినవాళ్లు తేదీ మార్చినప్పుడు మీ దగ్గరా మారుతుంది. వెంటనే కనపడకపోవచ్చు, కొన్ని గంటలు పట్టొచ్చు. అందుకే తేదీ మారిందని తెలిస్తే ఒక ఫోన్ కూడా చేసుకోండి.

ఫోన్‌లో కూడా కావాలా?

థండర్‌బర్డ్‌లో కలిపింది ఆ కంప్యూటర్‌లోనే కనపడుతుంది. ఫోన్‌లోనూ కావాలంటే కంప్యూటర్‌లో గూగుల్ క్యాలెండర్ తెరిచి, "అదర్ క్యాలెండర్స్" పక్కనున్న ప్లస్ నొక్కి, "ఫ్రమ్ యూఆర్‌ఎల్" దగ్గర అడ్రస్ పెట్టండి. అదే జీమెయిల్ ఉన్న ఫోన్‌లోకి వస్తుంది.

జాగ్రత్తలు

• ఆ అడ్రస్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లంతా చూడగలరు. పేర్లు, ఆధార్, బ్యాంకు నంబర్లు అందులో రాయొద్దు. తేదీలు చాలు.
• క్యాలెండర్ కలుపుకోవడానికి ఓటీపీ, ఆధార్ అవసరం లేదు. ఎవరైనా అడిగితే మోసమే, చెప్పొద్దు.
• క్యాలెండర్ గుర్తు చేస్తుంది, అంతే. అసలు తేదీ మీ సచివాలయంలో అడిగి ఖాయం చేసుకోండి.

బస్సెక్కే ముందే తిరిగొచ్చే రోజు చూసుకోండి. ఇంట్లో చదువు రాని అవ్వాతాతలు ఉంటే ఈ పేజీ చదివి వినిపించండి.