నడుముకి కట్టిన రివాల్వర్ బరువు తగ్గాలంటే

అమెరికా పడమటి రాష్ట్రాల్లో ఆరుబయట పనిచేసేవాళ్ళలో కొందరు ఇప్పటికీ నడుముకి సింగిల్ యాక్షన్ రివాల్వర్ కట్టుకుంటారు. ర్యాంచిల్లో కంచెలు సరిచేసేవాళ్ళు, ఖనిజాల కోసం కొండలెక్కేవాళ్ళు, అలాస్కాలో వాగుల వెంట సర్వే చేసేవాళ్ళు వీళ్ళలో ఉంటారు. జియాలజీ, మైనింగ్, ఫారెస్ట్రీ చదువుకుని మన పిల్లలు కూడా అటువైపు ఉద్యోగాలకు వెళ్తున్నారు. కొన్నేళ్ళకు గ్రీన్ కార్డు వస్తుంది. తోటివాళ్ళ నడుముకి ఉన్నదాన్ని చూసి ఒకటి కొంటారు. వారం తిరిగేసరికి తుంటి నొప్పి మొదలవుతుంది. దీన్ని తేలిక చేయించుకోవడం ఎలాగన్న ప్రశ్న అప్పుడు వస్తుంది.

జవాబు చెప్పేముందు చట్టం సంగతి చెప్పాలి, దాంతో ఆటలు పనికిరావు. హెచ్-1బీ మీదో ఎఫ్-1 మీదో ఉన్నవాళ్ళు తుపాకీ గానీ, ఒక్క తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని అక్కడి ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. వేట లైసెన్సు ఉన్నవాళ్ళకు మినహాయింపు లాంటివి కొన్ని ఉన్నాయి. లాయర్‌ని అడగకుండా వాటిని నమ్ముకుంటే వీసా పోతుంది, కేసూ మిగులుతుంది. గ్రీన్ కార్డు వచ్చినవాళ్ళకు ఈ అడ్డు లేదు కానీ రాష్ట్రానికో పద్ధతి ఉంటుంది. ఉద్యోగం ఇచ్చినవాళ్ళ మాట కూడా చూసుకోవాలి. గనుల కంపెనీలు చాలావరకు సైట్ మీదికి తుపాకీ తేనివ్వవు. ఫెడరల్ కార్యాలయాల భవనాల్లోకి అసలే తీసుకెళ్ళకూడదు. సూపర్‌వైజర్ నోటిమాటగా సరేనన్నా సరిపోదు, అనుమతి కాగితం మీద ఉండాలి. ఎలుగుబంట్లు తిరిగే చోట పని అయితే బేర్ స్ప్రే డబ్బా ఎలాగూ ఉండాల్సిందే. చాలామందికి అదొక్కటే చాలు, బరువు సమస్యా ఉండదు.

ఇవన్నీ దాటి వచ్చినవాళ్ళకే ఇక మిగతా మాట.

సింగిల్ యాక్షన్‌లో ప్రతిసారీ బొటనవేలితో హ్యామర్‌ని వెనక్కి లాగాలి. ట్రిగ్గర్ పని హ్యామర్‌ని వదలడం వరకే. 1873లో వచ్చిన కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ దీనికి మూలరూపం. 1953లో రూగర్ కంపెనీ సింగిల్-సిక్స్‌తో, 1955లో బ్లాక్‌హాక్‌తో ఆ పాత రూపాన్నే కాయిల్ స్ప్రింగులు పెట్టి మళ్ళీ మార్కెట్లోకి తెచ్చింది. ఇవాళ పనివాళ్ళ నడుములకు కనిపించేవాటిలో ఎక్కువ ఈ రూగర్లే. గట్టివి, చవక, బరువు. 1959 నాటి సూపర్ బ్లాక్‌హాక్‌నే చూడండి. .44 మాగ్నం, ఏడున్నర అంగుళాల బ్యారెల్. ఖాళీగానే 1.36 కిలోలు. తూటా ఒక్కోటి పాతిక గ్రాములకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి ఆరూ నింపితే కిలోన్నర.

నాకు తెలిసిన ఒక సర్వేయర్ ఇదే తుపాకీని మామూలు ప్యాంటు బెల్టుకి తగిలించుకుని తిరిగేవాడు. పది అడుగులకోసారి ప్యాంటు పైకి లాక్కోవడం, ట్రక్కు ఎక్కినప్పుడల్లా బ్యారెల్ చివర సీటుకి తగిలి పిడి పక్కటెముకల్లోకి పొడుచుకోవడం. సాయంత్రానికి తుంటి ఎముక మీద ఎర్రటి చార. బ్యారెల్ కోయించేస్తానని గన్‌స్మిత్ దగ్గరికి వెళ్ళాడు. ఆయన తుపాకీని బల్ల మీద పెట్టి ముందు బెల్టు విప్పమన్నాడు. ఒర ఉన్న చోట బెల్టు పై అంచు బయటికి తిరిగి, కింది అంచు లోపలికి మడతపడి ఉంది. నొప్పి అక్కడినుంచే వస్తోంది. ఒకటిన్నర అంగుళం వెడల్పు, రెండు పొరలు కుట్టిన గట్టి తోలు బెల్టు కొనమని పంపించేశాడు. దానికి తగ్గ ఒర కూడా చెప్పాడు. బరువు ఒక్క గ్రాము తగ్గలేదు, చార మాత్రం పోయింది.

అందుకే మొదటి ఖర్చు బెల్టు మీద, ఒర మీద పెట్టమంటాను. తుపాకీ నడుముకి దగ్గరగా, ఎత్తుగా, కదలకుండా కూర్చోవాలి. ఎల్ పాసోలో ఎస్.డి. మైర్స్ దుకాణం 1920లలో తయారుచేసిన టామ్ త్రీపర్సన్స్ అనే రకం ఒర ఇంతకాలం నిలిచింది ఇందుకే. అందులో అనవసరపు తోలు లేదు. ట్రిగ్గర్‌ని మాత్రం కప్పి ఉంచే ఒరే తీసుకోండి. హ్యామర్ మీదికి చిన్న తోలు వారు ఉండాలి. కంచె దాటేటప్పుడు, వంగేటప్పుడు జారిపోకుండా పట్టి ఉంచేది అదే. వీపున సంచీ మోసేవాళ్ళకు సంచీ నడికట్టుకీ తుపాకీ బెల్టుకీ ఎప్పుడూ పడదు. అలాంటివాళ్ళకు ఛాతీ మీద కట్టుకునే ఒర మేలు, అలాస్కాలో ఎక్కువమంది వాడేది అదే. ఇంకో సంగతి. తూటాలను తోలు బెల్టు ఉచ్చుల్లో నెలలకొద్దీ వదిలేస్తే ఇత్తడి మీద పచ్చటి చిలుము పట్టి, సిలిండర్‌లోకి సరిగ్గా దూరవు. రోజూ సాయంత్రం తీసి డబ్బాలో పెట్టుకోవాలి.

ఒకటి మాత్రం ప్రాణంతో ముడిపడినది. పాత కోల్ట్‌లోనూ, దాని నకళ్ళలో చాలావాటిలోనూ, 1973కి ముందు నాటి రూగర్లలోనూ ఐదు తూటాలే నింపాలి. హ్యామర్ కింద గది ఖాళీగా ఉండాలి. తుపాకీ రాయి మీద పడి హ్యామర్‌కి దెబ్బ తగిలితే దాని కింది తూటా పేలుతుంది, పేలితే తగిలేది మోసేవాడి కాలికే. 1973 నుంచి వచ్చిన న్యూ మోడల్ రూగర్లలో, ట్రిగ్గర్ లాగితే తప్ప హ్యామర్ దెబ్బని తూటాకి చేరనివ్వని ట్రాన్స్‌ఫర్ బార్ ఉంటుంది, వాటిలో ఆరూ నింపవచ్చు. పాత రూగర్ ఉన్నవాళ్ళు కంపెనీకి పంపితే ఉచితంగా భద్రతా భాగాలు అమర్చి, తీసిన పాత భాగాలను తిరిగి ఇచ్చే పథకం 1982లో మొదలైంది. తేలిక చేయించే ముందు ఆ పని చేయించుకోండి. వారసత్వంగా వచ్చిన తుపాకీ విలువ తగ్గుతుందని వెనకాడేవాళ్ళుంటారు. దాన్ని గోడకు తగిలించుకోవచ్చు, నడుముకి కట్టుకుని పనికి వెళ్ళకూడదు.

బ్యారెల్ కోయించడం అందరికీ తట్టే ఆలోచన. లెక్క వేస్తే ఒక అంగుళం కోసినా పోయేది 30 గ్రాముల దరిదాపుల్లోనే. మూడంగుళాలు తీసినా సుమారు 90 గ్రాములు, అంటే నాలుగు తూటాల బరువు కూడా కాదు. అయినా ఈ పని దండగ కాదు. కూర్చున్నప్పుడు సీటుకి తగలదు, ఒరలోంచి తొందరగా వస్తుంది, బరువు చేతి దగ్గరికి చేరుతుంది. నా ఉద్దేశంలో నాలుగున్నర, నాలుగు ముప్పావు అంగుళాల మధ్య ఆగడం సబబు. ఖాళీ తూటాలను వెనక్కి నెట్టే ఎజెక్టర్ కడ్డీ గొట్టం దాదాపు అక్కడిదాకా వస్తుంది. అంతకన్నా పొట్టి చేయాలంటే ఆ గొట్టాన్నీ కడ్డీనీ కూడా కోయాలి. కడ్డీ పొట్టిదైతే ఖాళీ తూటా పూర్తిగా బయటికి రాదు, గోళ్ళతో లాక్కోవాలి. కోసిన తర్వాత బ్యారెల్ మూతి అంచుని సమంగా చెక్కాలి, ముందు సైటును మళ్ళీ అమర్చి గురి సరిచూడాలి. హ్యాక్సా బ్లేడు ఉన్న ప్రతివాడూ చేయగల పని కాదిది.

నిజంగా బరువు తగ్గేది పిడి చట్రం దగ్గర. ఒకే పరిమాణంలో అల్యూమినియం ఉక్కులో మూడోవంతే తూగుతుంది. సూపర్ బ్లాక్‌హాక్‌కి ఉన్న ఉక్కు పిడి చట్రం తీసి బ్లాక్‌హాక్ రకం అల్యూమినియందాన్ని బిగిస్తే తేడా చేత్తో పట్టుకోగానే తెలుస్తుంది. ఇందులో ఇంకో సుఖం ఉంది. సూపర్ బ్లాక్‌హాక్ పాత తరహా ట్రిగ్గర్ గార్డు వెనక వైపు చతురస్రంగా ఉంటుంది. పేల్చినప్పుడల్లా నడివేలి కణుపుకి కొడుతుంది. గుండ్రటి గార్డుకి మారితే ఆ బాధ పోతుంది. కానీ వెనక బరువు తగ్గినకొద్దీ తన్ను పెరుగుతుంది, పూర్తి శక్తి మాగ్నం తూటాలతో చేయి అదిరిపోతుంది. ఎజెక్టర్ గొట్టాన్ని అల్యూమినియందిగా మార్చడం చవకైన పనే. భారీ తూటాల తన్నుకి దాని స్క్రూ వదులై ఊడే అలవాటు ఉంది కాబట్టి అప్పుడప్పుడూ బిగించి చూసుకోవాలి.

కొత్తగా కొనేవాళ్ళకు చిన్న రహస్యం. ఒకే చట్రం, ఒకే బ్యారెల్ పొడవు ఉన్న రెండు రివాల్వర్లలో .357 కన్నా .45 తేలిక. రంధ్రాలు పెద్దవి కావడంతో సిలిండర్‌లోనూ బ్యారెల్‌లోనూ ఉక్కు తక్కువ. పాములకూ చిన్న జంతువులకూ తప్ప అవసరం లేదనుకుంటే .22 రూగర్ బేర్‌క్యాట్ ఉంది, దాదాపు 680 గ్రాములు. అది ఉండగా పెద్ద తుపాకీని చెక్కించి చిన్నది చేసుకోవడంలో అర్థం లేదు.

ఈ కళకు పాత చరిత్రే ఉంది. 1920ల చివర్లో పెన్సిల్వేనియాకు చెందిన హెరాల్డ్ క్రాఫ్ట్ అనే ఔత్సాహికుడు తాను మార్పించి తేలిక చేయించిన రివాల్వర్లను పట్టుకుని ఓరెగాన్‌లో ఉన్న తుపాకుల రచయిత ఎల్మర్ కీత్ ర్యాంచికి వెళ్ళాడు. క్రాఫ్ట్ తనవాటికి ఒకటి నుంచి నాలుగు దాకా నంబర్లు ఇచ్చుకున్నాడు. అవి చూశాక కీత్ తన కోసం చేయించుకున్నదే ఐదో నంబరు, దాని సంగతి 1929లో అమెరికన్ రైఫిల్‌మన్ పత్రికలో రాశాడు. గుర్రం మీద బతికిన మనిషి కదా, బ్యారెల్ మరీ పొట్టి చేయించలేదు, ఐదున్నర అంగుళాలే ఉంచుకున్నాడు. శ్రద్ధంతా పిడి ఆకారం మీద, సైట్ల మీద, సిలిండర్ ఇరుసు గట్టిగా నిలవడం మీద పెట్టాడు. పనికి మోసుకెళ్ళే తుపాకీకి ఇప్పటికీ ఆ వరసే సరైనదని నేను నమ్ముతాను.

ముట్టుకోకూడనివి రెండు. లోపలి స్ప్రింగులనూ హ్యామర్, ట్రిగ్గర్ కలిసే అంచులనూ తేలిక కోసమంటూ అరగదీయకండి. హ్యామర్ స్ప్రింగు బలం తగ్గితే అవసరమైన రోజున తూటా పేలదు. అంచుల మీది గట్టి పొర అరిగితే హ్యామర్ తనంతట తానే జారవచ్చు. రెండోది ఫ్రేమ్ మీది సీరియల్ నంబరు. పాలిష్‌లోనో చెక్కడంలోనో అది చెరిగిపోతే అమెరికాలో ఫెడరల్ నేరం.

ఇక్కడి సంగతి వేరు. ఆంధ్ర, తెలంగాణల్లో లైసెన్సున్న తుపాకీతో గార్డు పని చేసేవాళ్ళు ఇవేవీ సొంతంగా ప్రయత్నించకూడదు. మన 1959 ఆయుధాల చట్టం 6వ సెక్షన్ ప్రకారం అందుకు వేరే లైసెన్సు లేకుండా బ్యారెల్ పొట్టి చేయడమే నేరం. వాళ్ళు చేయగలిగింది మంచి బెల్టు, మంచి ఒర. అమెరికాలో కొన్నది సెలవులకు ఇంటికి తెచ్చే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోండి.

గన్‌స్మిత్‌కి ఇచ్చేటప్పుడు ఏ భాగం మారుస్తాడో, ఎంత తీసుకుంటాడో రాయించుకోండి. తీసిన పాత భాగాలన్నీ అడిగి తెచ్చుకుని దాచండి. తిరిగొచ్చాక పనికి కట్టుకెళ్ళే ముందు, మీరు మోసే తూటాలతోనే రేంజిలో కనీసం ఒక పెట్టె కాల్చి చూడండి. చేయి తట్టుకోకపోతే తేలిక మరీ ఎక్కువైందన్నమాట, పాత పిడి చట్రం మళ్ళీ బిగించమనండి.