చెరకు ముచ్చె తెగునప్పుడు జరుగునదేమి?

ఎకరము చెరకు నాటుటకు సుమారు 16,000 మూడు కళ్ల ముచ్చెలు కావలెను. ముచ్చెకు రెండు కొనల చొప్పున 32,000 గాయములతో విత్తనము భూమిలోనికి పోవుచున్నది. ఆ గాయము నున్నగా నున్నదా, నలిగి చీలినదా అను దానిని బట్టి మొలక బాగోగులు కొంతవరకు ఉండును. కావున కత్తి గడను ఎట్లు తెంచునో రైతు సోదరులు తెలిసికొనుట మంచిది.

గడ అంతయు సూక్ష్మమైన కణములతో ఏర్పడినది. ప్రతి కణమునకు గట్టి గోడ, లోపల రసము ఉండును. కత్తి తగులగనే గడ తెగదు. ముందు అంచు క్రింద అణగును. ఒత్తిడి గోడ ఓర్పును మించినప్పుడే గోడ పగులును. అప్పుడు తెగునది పదార్థమును కూర్చి ఉంచిన బంధములు మాత్రమే. పరమాణువేదియు చీలదు, పదార్థము నశించదు.

ఒక లెక్క చూడుడు. కత్తి అంచు మందము మిల్లీమీటరులో నూరవ వంతు, గడకు తగులు పొడవు 20 మిల్లీమీటర్లు అనుకొందము. 10 కిలోల బరువుతో నొక్కినచో చదరపు మిల్లీమీటరుకు 50 కిలోల ఒత్తిడి కలుగును. అంచు మొద్దుబారి పదింతలు మందమైనచో అదే బరువునకు 5 కిలోలే కలుగును. అప్పుడు మనిషి మరింత బలముగా కొట్టును; గడ తెగుటకు ముందే ఎన్నో వరుసల కణములు చితుకును, కొన చీలును.

చితికిన కణముల రసము శిలీంద్రములకు ఆహారము. నేలలోని అనాస తెగులు శిలీంద్రము ఈ కోత కొనల గుండానే ప్రవేశించును. ముచ్చె లోపల ఎర్రబారి, పిదప నల్లబడి, పండిన అనాస వాసన వేయును. కళ్లు మొలవక చచ్చును. మామిడి అంటులో బెరడు క్రింది పెరుగుదల పొర కోతను అతికించును. చెరకులో అట్టి పొర లేదు. కోసిన కొన తిరిగి పూడదు.

కావున ఈ క్రింది జాగ్రత్తలు పాటింపవలెను:

1. కత్తిని సానరాయిపై నూరవలెను; పని నడుమ మొద్దుబారగనే మరల నూరవలెను.

2. కణుపుల నడుమ, కన్ను దెబ్బతినకుండ ఒక్క వేటున కోయవలెను. కత్తిని కొంచెము లాగుచు కోసినచో తక్కువ బలముతో తెగును.

3. చీలిన, నలిగిన, లోపల ఎర్రబారిన ముచ్చెలను ఏరివేయవలెను.

4. కార్శి తోటలను గిడసబార్చు తెగులు కత్తి ద్వారా వ్యాపించును. కావున కత్తిని తరచు క్రిమిసంహారక ద్రావణములో ముంచి తుడువవలెను.

5. లీటరు నీటికి అర గ్రాము కార్బెండజిమ్ కలిపి, ముచ్చెలను 15 నిమిషములు ముంచి నాటవలెను. చేతికి తొడుగులు ధరింపవలెను.

మందు కొనుటకు ముందు కత్తి నూరుడు. సానరాయికి పట్టు కొద్దిపాటి శ్రమ పొలములో ఖాళీలను తగ్గించును.