‘అవుట్ ఆఫ్ ప్రొపోర్షన్’: పోటీ పరీక్షార్థులకు ఒక పలుకుబడి పాఠము

పోటీ పరీక్షలకు సిద్ధపడు మన విద్యార్థులలో, ఆంగ్లపు పలుకుబడులను ఎడమవైపు వరుసగా వ్రాసికొని, వాని కెదురుగా కుడివైపున తెలుగు అర్థములను చేర్చి, ఆ పట్టికను ఉదయ సాయంకాలములందు వల్లెవేయు అలవాటు చిరకాలముగా నున్నది. ఆ శ్రమ వ్యర్థమని నే ననను. కాని పరీక్షలో అడుగునది అర్థ మొక్కటియే యైనపుడు మాత్రమే ఆ పట్టిక అక్కరకు వచ్చును. స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ వారి సీజీఎల్ పరీక్షలో మొదటి అంచెయందు ఆంగ్లమునకు 25 ప్రశ్నలు, 50 మార్కులు కలవు. తప్పుగా గుర్తించిన ప్రతి ప్రశ్నకును అర మార్కు కోత పడును. ఆ ప్రశ్నలలో పలుకుబడికి అర్థము నడుగునవి కొన్నియే. ఖాళీలను పూరించుట, వాక్యములోని దోషమును పట్టుట, కర్తరి వాక్యమును కర్మణిగా మార్చుట మొదలైన తక్కిన ప్రశ్నలలో ఆ పలుకుబడియే వేషము మార్చుకొని మరల ఎదురగును. బ్యాంకు కొలువులకై ఐబీపీఎస్ నిర్వహించు ప్రాథమిక పరీక్షలో 30 ఆంగ్ల ప్రశ్నలకు 20 నిమిషములే గడువు గనుక, అచ్చట తీరికగా కూర్చుండి ఈ మాట వెనుక ఏ ప్రిపొజిషన్ రావలెనో తర్కించుకొను సావకాశ ముండదు. చెవికి అలవడిన ప్రయోగమే చేతికి అందవలెను.

పలుకుబడిని నేర్చుట యనగా దానితో కూడి తిరుగు మాటలను గూడ నేర్చుట. దానికి ముందు ఏ క్రియ వచ్చును, వెనుక ఏ ప్రిపొజిషన్ నిలుచును, నడుమ ఏ మాట చొరుటకు వీలున్నది, ఏ మాట చొచ్చిన వాక్యము చెడును, ఎవ్వరితో అనదగినది, ఎవ్వరితో అనరానిది అను నిన్నియు తెలిసినగాని అది మన సొమ్ము కాదు. ఇందుకు నిదర్శనముగా, వార్తాపత్రికలలోను కార్యాలయములలోను న్యాయస్థానముల తీర్పులలోను నిత్యము వినవచ్చు ‘అవుట్ ఆఫ్ ప్రొపోర్షన్’ అను పలుకుబడి నొక్కదానిని గైకొని కడవరకు పరిశీలింతము.

‘ప్రొపోర్షన్’ అను పదమునకు మూలము ‘వంతు ననుసరించి’ యని అర్థమిచ్చు ‘ప్రో పోర్షియోనె’ యను లాటిన్ పదబంధము. మన గణిత పుస్తకములలో నిష్పత్తి వెంట వచ్చు అనుపాతము ఇదియే. శిల్పులు ముఖము పొడవునకు తాళమని పేరిడి, దానినే కొలమానముగా గొని నవతాళమని, దశతాళమని మూర్తుల యెత్తును నిర్ణయించిన పద్ధతియు ఇదియే. తల యెంతయో దానిని బట్టియే భుజము, భుజమును బట్టియే నడుము. ఇచ్చట విద్యార్థి మనస్సున నాటుకొనవలసిన విషయ మొక్కటి కలదు. ఒంటరిగా నున్న వస్తువునకు అనుపాతము ఉండదు, అది తప్పుటయు ఉండదు. ఈ పలుకుబడి ఎచ్చట వినబడినను అచ్చట రెండు వస్తువుల పోలిక యుండియే తీరును. రెండవది వాక్యములో బయటికి చెప్పబడియుండవచ్చును, లేదా సందర్భమునుబట్టి గ్రహింపదగి యుండవచ్చును. దీనిని ప్రయోగించు ముందు ‘దేనికి దేనితో పొత్తు కుదరలేదు?’ అని తన్ను తాను ప్రశ్నించుకొనువానికి తప్పులు సగము తగ్గును.

మిక్కిలి వాడుకలో నున్న ప్రయోగము ‘బ్లో’ అను క్రియతో కూడినది. ‘ది ప్రెస్ బ్లూ ది ఇన్సిడెంట్ అవుట్ ఆఫ్ ప్రొపోర్షన్’ అనగా పత్రికలవారు ఆ సంఘటనను గోరంతను కొండంత చేసిరని అర్థము. ఇచ్చట క్రియకును పలుకుబడికిని నడుమ కర్మపదము తప్పక నిలువవలెను. ‘బ్లూ అవుట్ ఆఫ్ ప్రొపోర్షన్ ది ఇన్సిడెంట్’ అని వరుస మార్చినచో ఆంగ్లము చెవికి కటువగును. ఆ కర్మపదము కూడ ఒక సంఘటనయో, ఒక మాటయో, ఒక పొరపాటో, ఒక తగవో కావలెను గాని మనిషి కారాదు. ‘హీ బ్లూ మీ అవుట్ ఆఫ్ ప్రొపోర్షన్’ అనువాక్యమునకు అర్థమే లేదు. క్రియారూపములు బ్లో, బ్లూ, బ్లోన్; తొందరలో ‘బ్లోడ్’ అని వ్రాయు దోషము ప్రశ్నపత్రములు కూర్చువారికి బాగుగా తెలియును.

ఈ ప్రయోగము కర్మణి వాక్యములో మిక్కిలి తరచుగా కనబడుటకు హేతు వున్నది. ‘ది హోల్ మేటర్ హాజ్ బీన్ బ్లోన్ అవుట్ ఆఫ్ ఆల్ ప్రొపోర్షన్’ అన్నపుడు వ్యవహారము మితిమీరి పెరిగినదని చెప్పబడినదే గాని, పెంచినవా రెవ్వరో చెప్పబడలేదు. వివాదమున చిక్కుకొన్న నాయకుడు గాని, సంస్థ ప్రతినిధి గాని ఎవ్వరిని నిందింపక తన పక్షమును వినిపింపదలచినపుడు ఈ రూపమునే ఆశ్రయించును. ఆంగ్ల పత్రికల రాజకీయ వార్తలను పది దినములు శ్రద్ధగా చదివినవానికి ఇది తప్పక ఎదురుపడును. ‘ఆల్’ అను మాట చేరుటవలన అతిశయము హెచ్చును. దాని స్థానము ‘ఆఫ్’ తరువాతనే యని గుర్తుంచుకొనుడు.

రెండవ ప్రయోగములో ‘బ్లో’ ఉండదు. ‘బి’ క్రియయు, వెనుక ‘టు’ అను ప్రిపొజిషనును ఉండును. పోలికలోని రెండవ వస్తువు ఆ ‘టు’ వెంట వచ్చును. ‘ది పనిష్మెంట్ వాజ్ అవుట్ ఆఫ్ ఆల్ ప్రొపోర్షన్ టు ది అఫెన్స్’ అనగా తప్పునకును శిక్షకును పొంతన లేదని భావము. పిచ్చుకపై బ్రహ్మాస్త్రమని మన మనునది ఇట్టి సందర్భముననే. ‘ది రిజల్ట్ వాజ్ స్మాల్, అండ్ ది ఎఫర్ట్ అవుట్ ఆఫ్ ఆల్ ప్రొపోర్షన్ టు ఇట్’ అన్నచో కొండను త్రవ్వి ఎలుకను పట్టినట్లయిన దని తాత్పర్యము. తెలుగులో వేరువేరు జాతీయములు కావలసిన మూడు సందర్భములను ఆంగ్లమున నొక్క పలుకుబడియే మోయుచున్నది గనుక, పట్టికలో కుడివైపున ‘గోరంతలు కొండంతలు’ అని యొక్క అర్థమునే వ్రాసికొన్న విద్యార్థి తక్కిన రెండు చోట్ల తడబడును.

వేరొక విశేషము పలువురు గమనింపనిది. ‘బ్లో’ తోడి ప్రయోగము ఎల్లప్పుడును ఆక్షేపణయే. ‘టు’ తోడి ప్రయోగము ప్రశంసయు కావచ్చును. వేటపాలెము చిన్న పట్టణము. కాని అచ్చట 1918లో స్థాపింపబడిన సారస్వత నికేతన గ్రంథాలయపు భవనమునకు 1929లో గాంధీ మహాత్ముడు స్వయముగా శంకుస్థాపన చేసెను, దాని భాండారమునందలి ప్రాచీన పత్రికల సంపుటములకై పరిశోధకులు దూరదేశములనుండి వచ్చుచుందురు. ‘ది ఫేమ్ ఆఫ్ ది లైబ్రరీ ఈజ్ అవుట్ ఆఫ్ ఆల్ ప్రొపోర్షన్ టు ది సైజ్ ఆఫ్ ది టౌన్’ అని దానిని గూర్చి వ్రాసినచో అంతకు మించిన మెప్పు లేదు. గద్యభాగమునిచ్చి రచయిత వైఖరి అనుకూలమా ప్రతికూలమా యని అడుగు ప్రశ్నలలో ఈ భేదము నెరుగనివారు పలుకుబడిని చూచినంతనే ప్రతికూలమని గుర్తించి మార్కు పోగొట్టుకొందురు.

దోషముల మాటకు వత్తము. ‘ప్రొపోర్షన్’ ముందు ఆర్టికల్ రాదు. ‘అవుట్ ఆఫ్ ది ప్రొపోర్షన్’ అనుట తప్పు. ఈ పలుకుబడిలో బహువచనము లేదు. ‘ఎ క్రైసిస్ ఆఫ్ ఎపిక్ ప్రొపోర్షన్స్’ అన్నపుడు బహువచన మున్నది గాని అచ్చట దాని అర్థము పరిమాణమే, పొంతన కాదు. ‘ఎ లార్జ్ ప్రొపోర్షన్ ఆఫ్’ అన్నపుడు అర్థము భాగము. అపుడు క్రియ వెనుకటి నామమును బట్టి మారును, ‘ఎ లార్జ్ ప్రొపోర్షన్ ఆఫ్ ది స్టూడెంట్స్ ఆర్’ అనియు, ‘ఎ లార్జ్ ప్రొపోర్షన్ ఆఫ్ ది వాటర్ ఈజ్’ అనియు వ్రాయవలెను. మన పలుకుబడికి వ్యతిరేకమైన ‘ఇన్ ప్రొపోర్షన్ టు’ అనుదానికిని ‘టు’ యే పొత్తు.

గ్రూప్-1 మొదలైన పరీక్షలకు చదువువారు దీని సోదరపదమైన ‘డిస్‌ప్రొపోర్షనేట్’ ను గూడ ఎరుగక తీరదు. ఏసీబీ అధికారులు ఫలానా ఉద్యోగి యింట సోదాలు చేసిరని తెలుగు పత్రికలు ప్రకటించునపుడు ‘ఆదాయానికి మించిన ఆస్తులు’ అని వ్రాయునది ఆంగ్లమున ‘డిస్‌ప్రొపోర్షనేట్ ఎసెట్స్’. 1988 నాటి అవినీతి నిరోధక చట్టములోనే ఈ పద మున్నది; తెలిసిన ఆదాయ మార్గములకు పొంతన లేని ఆస్తి, తృప్తికరమైన సమాధానము చెప్పలేని ఆస్తి అచ్చట నేరముగా గణింపబడినది. ఆస్తి యొక్కటియే నేరము కాదు. ఆదాయముతో పోల్చినపుడే నేరమగుచున్నది. రెండు వస్తువుల పోలిక యని పైన చెప్పినది చట్టమునందును అట్లే నిలిచియున్నది.

శిక్షల విషయమున సుప్రీంకోర్టు 1987లో రంజిత్ ఠాకూర్ కేసున ఇచ్చిన తీర్పు పాలనాశాస్త్రము చదువువారికి సుపరిచితము. సైన్యములో సిగ్నల్‌మన్‌గా నున్న యతడు పైయధికారి తినుమన్న భోజనమును తినుటకు నిరాకరించినందులకు సమ్మరీ కోర్ట్ మార్షల్ అతనికి ఒక సంవత్సరము కఠిన కారాగారమును, ఉద్యోగమునుండి తొలగింపును విధించెను. న్యాయస్థానము దానిని కొట్టివేయుచు, శిక్ష నేరమునకు తగినదిగా నుండవలెననియు, మనస్సాక్షిని కలచివేయునంతటి యసమానత యున్నపుడు న్యాయస్థానము కలుగజేసికొనవచ్చు ననియు చెప్పెను. వ్యాసపత్రములో ‘డాక్ట్రిన్ ఆఫ్ ప్రొపోర్షనాలిటీ’ ని గూర్చి వ్రాయవలసి వచ్చినపుడు నిర్వచనమును పేజీలకొలది సాగదీయుటకంటె ఈ యొక్క వృత్తాంతమును నాలుగు వాక్యములలో చెప్పుట మేలు. ‘బ్లో’ తోడి ప్రయోగము సంభాషణకు చెందినది గనుక అట్టి వ్యాసములో దానిని విడిచి ‘డిస్‌ప్రొపోర్షనేట్ టు’ అనుదానినే వాడుట యుక్తము.

ఇక ఉద్యోగపు ఇంటర్వ్యూలను గూర్చి కొంత విస్తరించి చెప్పవలసి యున్నది. వ్యాకరణము సరిగా నుండియు అభ్యర్థి చెడునది అచ్చటనే. ‘మీ జట్టులోనివారితో భేదాభిప్రాయము వచ్చినపుడు ఏమి చేసితిరి?’ అని అడుగుట హెచ్‌ఆర్ అధికారులకు పరిపాటి. అభ్యర్థి ‘మై టీమ్ లీడర్ బ్లూ ఎ స్మాల్ మిస్టేక్ అవుట్ ఆఫ్ ప్రొపోర్షన్’ అని సమాధాన మిచ్చెననుకొనుడు. వాక్యమున దోషము వెదకినను దొరకదు. కాని వినువారికి అందులో మూడు సంగతులు వినబడును: తప్పు జరిగినది, చేసినవాడే దానిని చిన్నదని తీర్పు చెప్పుకొనుచున్నాడు, పైవానిని పరోక్షమున నిందించుచున్నాడు. దానికి బదులు ‘ఐ మేడ్ ఎ మిస్టేక్, కరెక్టెడ్ ఇట్ ది సేమ్ డే, అండ్ వి బోత్ కెప్ట్ ఇట్ ఇన్ ప్రొపోర్షన్’ అన్నచో, తప్పు నొప్పుకొన్న నిజాయితీయు, దిద్దుకొన్న చురుకుదనమును, తగవును పెరుగనీయని వివేకమును వెల్లడియగును. ‘కీప్ థింగ్స్ ఇన్ ప్రొపోర్షన్’ అను నీ రూపమును మన పట్టికలు సాధారణముగా విడిచిపెట్టును. కొలువున నిత్యము పనికివచ్చునది మాత్ర మిదియే.

వినియోగదారులతో మాటలాడు కొలువులలో చేరువారు, అది హైదరాబాదు కాల్ సెంటర్ కానిండు, మండల కేంద్రములోని బ్యాంకు శాఖ కానిండు, ‘సర్, యూ ఆర్ బ్లోయింగ్ దిస్ అవుట్ ఆఫ్ ప్రొపోర్షన్’ అను వాక్యమును ఎన్నటికిని నోట రానీయరాదు. ఖాతానుండి 200 రూపాయలు అకారణముగా తగ్గినవని వచ్చి కౌంటరు నొద్ద గట్టిగా అడుగు ముదుసలికి తన పింఛను సొమ్ములో 200 రూపాయలు ఎంతటివో ఆయనకే తెలియును. కష్టము పరిమాణమును నిర్ణయించు అధికారము కష్టపడినవానిది గాని గుమాస్తాది కాదు. అచ్చట చెప్పదగిన మాట ‘ఐ అండర్‌స్టాండ్, సర్, లెట్ మీ చెక్ ఇట్ నౌ’ అనునదే.

విదేశ విద్యకై ఐఈఎల్‌టీఎస్ వ్రాయు మన యువతీయువకులలో, పలుకుబడులు ఎన్ని యెక్కువ చేర్చిన అంత యెక్కువ బ్యాండు వచ్చునను భ్రమ ప్రబలి యున్నది. ఆ పరీక్షలో వ్రాతకును సంభాషణకును నాలుగేసి గీటురాళ్లు కలవు. వానిలో ‘లెక్సికల్ రిసోర్స్’ ఒకటి మాత్రమే, దానిలోను పదము సందర్భమునకు ఒదిగినదా లేదా యనునదే ముఖ్యము. సంభాషణలో నొకచోట సహజముగా వచ్చిన ‘బ్లోన్ అవుట్ ఆఫ్ ప్రొపోర్షన్’ శోభించును. ప్రతి సమాధానమునకును అదియే తగిలించినచో కంఠస్థము చేసిన సంగతి బయటపడును.

నేర్చు పద్ధతి కష్టమైనది కాదు. జపానులో ఆంగ్లము బోధించిన ఏ. ఎస్. హార్న్‌బీ 1942లో టోక్యోలో తొలుత వెలువరించిన నిఘంటువు 1948లో ఆక్స్‌ఫర్డ్ ముద్రణగా వచ్చి, నేటికిని కొత్త కూర్పులతో సాగుచున్నది. అది పరభాషగా ఆంగ్లము నేర్చువారికొరకే వ్రాయబడినది గనుక, అర్థము క్రింద నుండు ఉదాహరణ వాక్యములే దానియందలి అసలైన పాఠము. పదమున కర్థము చూచి పుస్తకము మూయక, ఆ వాక్యములను బిగ్గరగా రెండుమూడు మారులు చదివి, పిమ్మట మీ కళాశాలలో, మీ వీధిలో, మీ యింట జరిగిన నిజమైన సంగతులను గైకొని ‘బ్లో’ తో రెండు, ‘టు’ తో రెండు, ‘కీప్ ఇన్’ తో నొకటి వాక్యములు వ్రాయుడు. పరులు కూర్చిన వాక్యము పరీక్ష ముగియగనే మరపునకు వచ్చును; మీ యనుభవముతో ముడివడిన వాక్యము నిలుచును. వ్రాసినదానిని ఆంగ్లము బాగుగా తెలిసిన ఉపాధ్యాయునికి చూపుటకు సంకోచింపకుడు.

అభ్యాసమునకై ఒక వాక్య మిచ్చుచున్నాను: ‘ది ఫైన్ వాజ్ అవుట్ ఆఫ్ ది ప్రొపోర్షన్ ఫర్ ది మిస్టేక్.’ ఇందు రెండు దోషములు కలవు, రెండింటికిని దిద్దుబాటు పైననే చెప్పబడినది. కలము చేతబట్టి దిద్దిన పిమ్మటనే వేరొక పలుకుబడి జోలికి పొండు.