నాగుల చవితికి తీగ.. శివరాత్రికి బంగారు దుంప

శివరాత్రికి రెండు రోజుల ముందు గాజువాక రైతుబజారులో చిలగడదుంపల గుట్టల దగ్గర ఎంత రద్దీ ఉంటుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఉపవాసం ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ ఆ రోజు ఉడకబెట్టిన దుంప కావాలి. కొనేవాళ్లు చూసేదల్లా తొక్క ఎర్రగా ఉందా, పురుగు తొలిచిందా అని. తుంచి చూస్తే చాలా వాటిలో గుజ్జు తెల్లగానే ఉంటుంది. తియ్యగా ఉంటే చాలనుకుని తింటాం. ఆ తెలుపు గురించే ఈ వారం పాఠం.

రంగులో ఏముంది?

గుమ్మడికి, క్యారట్‌కు ఆ రంగు తెచ్చేది బీటా కెరోటిన్ అనే పదార్థం. మన ఒంట్లోకి వెళ్లాక అదే విటమిన్ 'ఎ' అవుతుంది. ఈ విటమిన్ చాలకపోతే పిల్లలకు మొదట రేచీకటి వస్తుంది. ముదిరితే నల్లగుడ్డు పొడిబారి చూపే పోవచ్చు. జబ్బులను తట్టుకునే శక్తి కూడా తగ్గుతుంది. అందుకే మన దేశంలో 1970 నుంచి చిన్నపిల్లలకు విటమిన్ 'ఎ' మందు పోస్తున్నారు. ఆ మందు మానమని ఎవరూ అనరు. కానీ రోజూ తినే తిండిలోనే అది ఉంటే ఇంకా మంచిది కదా!

ఈ ఆలోచనతోనే తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పనిచేశారు. 1963లో పెట్టిన ఈ సంస్థకు భువనేశ్వర్‌లో ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. వీరు తెచ్చిన 'భూ సోనా' రకం 2017లో విడుదలైంది. గుజ్జు ముదురు నారింజ రంగు. 100 గ్రాముల దుంపలో 14 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఉంటుంది. ప్రచారంలో ఉన్న రకాల్లో ఇది 2 నుంచి 3 మిల్లీగ్రాములే. గుజ్జు తెల్లబడేకొద్దీ ఇంకా తక్కువ.

లెక్క వేసి చూడండి. తిన్న బీటా కెరోటిన్‌లో సుమారు 12 పాళ్లకు ఒక పాలు విటమిన్ 'ఎ' అవుతుంది. అంటే ఈ దుంప 100 గ్రాములకు వెయ్యి మైక్రోగ్రాముల పైమాటే. అంగన్‌వాడీ వయసు బిడ్డకు రోజుకు కావలసింది నాలుగైదు వందలు. ఉడకబెట్టడంలో కొంత పోయినా, ఒక చిన్న దుంపతో ఆ రోజు అవసరం చాలావరకు తీరుతుంది.

పూలకు పెళ్లి

"ఇది జన్యువులు మార్చిన పంటా?" అని కొందరు రైతులు అడుగుతారు. కాదు. ఇది మామూలు సంకరం. చిలగడదుంప పువ్వు తూటికాడ పువ్వులా ఉంటుంది. రెండూ ఒకే కుటుంబం. దీనికో గుణం ఉంది. సాధారణంగా తన పుప్పొడి తనకు పనికిరాదు, వేరే రకం పుప్పొడి పడాలి. అలా జత కలిపితే కాయకు ఒకటి నుంచి నాలుగు గింజలు వస్తాయి. వరిలో 24 క్రోమోజోములుంటే దీనిలో 90 ఉంటాయి. అందుకే ఒకే తల్లి గింజలైనా ఏ మొక్కకు ఆ మొక్కే వేరు. ఒకటి రంగు తెస్తుంది, ఒకటి దిగుబడి తెస్తుంది, ఒకటి ఏదీ తేదు. వాటిలోంచి మంచిదాన్ని ఏరి, ఏళ్ల తరబడి పరీక్షించాలి. ఒకసారి దొరికిందా, ఇక గింజతో పనిలేదు. తీగ ముక్క నాటితే మామిడి అంటులాగే తల్లి గుణం తప్పదు.

అయితే ఇక్కడో చిక్కు వచ్చింది. రంగు పెరిగిన రకాల్లో మామూలుగా పిండి తగ్గి నీరు పెరుగుతుంది. ఉడికిస్తే జావలా మెత్తబడుతుంది. మనకేమో దుంప పొడిపొడిగా, పిండిపిండిగా ఉండాలి. రంగునూ పిండినీ ఒక్క దుంపలో కూర్చడమే శాస్త్రవేత్తలకు అసలు పరీక్ష. భూ సోనాలో నీరు పోగా మిగిలే పదార్థం 27 నుంచి 29 శాతం. అంటే రంగు కోసం పిండిని వదులుకోలేదన్నమాట. దిగుబడి హెక్టారుకు 19.8 టన్నులు, ఎకరాకు సుమారు 8 టన్నులు.

దీని తోడుగా వచ్చిందే ఊదా గుజ్జు 'భూ కృష్ణ'. నేరేడు పండుకు రంగునిచ్చే ఆంథోసయనిన్ ఇందులో 100 గ్రాములకు 90 మిల్లీగ్రాములుంటుంది. ఉప్పు నేలనూ బాగా తట్టుకుంటుందంటారు కాబట్టి సముద్రం దగ్గరి రైతులు గమనించాలి.

మూడు పండుగల పంట

ఈ రకాలను సిఫారసు చేసింది ఒడిశాకు. మన నేలల్లో ఎలా పండుతుందో మీరే చూసుకోవాలి. అందుకని ఒక్కసారే ఎకరాలకు ఎకరాలు వేయకండి. పెందుర్తి, సబ్బవరం, పరవాడ వైపు నీరు నిలవని ఎర్ర గరప, ఇసుక గరప భూములున్నవాళ్లు ముందు 10 సెంట్లలో వేసి చూడండి. పైన చెప్పిన దిగుబడిలో సగమొచ్చినా నాలుగు క్వింటాళ్లు చేతికొస్తుంది.

పండుగలతో లెక్క గుర్తుపెట్టుకోండి. వినాయక చవితికి నారుమడి పెట్టాలి. నాగుల చవితికి తీగ నాటాలి. అక్కడి నుంచి శివరాత్రికి ఏటా 110 రోజుల పైచిలుకు వస్తుంది. పంటకు కావలసిందీ అంతే. తీగ కోసం భువనేశ్వర్ కేంద్రాన్ని గానీ, ఉద్యాన శాఖ వారిని గానీ ముందుగానే సంప్రదించండి.

తీగ కొస భాగం నుంచి జానెడు పైన ముక్కలు కోసి, ఆకులతోనే రెండు రోజులు నీడన ఉంచి నాటాలి. బోదెల మధ్య 60 సెంటీమీటర్లు, బోదె మీద మొక్కకూ మొక్కకూ 20 సెంటీమీటర్లు ఉంచాలి. 10 సెంట్లకు 3,300 ముక్కలు పడతాయి. పశువుల ఎరువు ఎకరాకు 2 టన్నుల లెక్కన వేయాలి. నత్రజని 20, భాస్వరం 10, పొటాష్ 20 కిలోలు సరిపోతాయి. యూరియా గుమ్మరిస్తే పైన తీగ పందిరి వేస్తుంది, కింద దుంప ఊరదు.

ముక్కు పురుగుతో జాగ్రత్త

ఈ పంటకు పెద్ద శత్రువు ముక్కు పురుగు. నేల నెర్రెలిస్తే ఆ సందుల్లోంచి దిగి దుంపలో గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు తొలిచిన దుంప చేదెక్కుతుంది, పశువులకు కూడా పెట్టకూడదు. పురుగు లేని తీగనే నాటండి. నెల రోజులకొకసారి, రెండు నెలలకొకసారి మట్టి ఎగదోయండి. నెర్రెలు పడకుండా తడి ఇవ్వండి. లింగాకర్షక బుట్టలు పెట్టండి. తవ్వాక చెత్త, పుచ్చు దుంపలు చేలో వదలకండి. అదే మడిలో మళ్లీ ఇదే పంట వద్దు. ధర కోసమని నేలలోనే ఆపితే పురుగుకు మేపినట్టే.

కోసి చూపించి అమ్మండి

పండించడం ఒక ఎత్తు, అమ్మడం ఒక ఎత్తు. తెల్ల దుంపకు అలవాటుపడ్డవాళ్లు లోపల రంగు చూసి "పాడైపోయిందేమో" అని వెనక్కి పెడతారు. ఆఫ్రికాలోనూ ఇదే అనుభవం. అక్కడ వాళ్లు ఈ రంగునే ప్రచారం చేసుకున్నారు. బళ్లకు నారింజ రంగు వేసి, రేడియోలో చెప్పి తల్లుల చేత తినిపించారు. ఆ పని చేసిన మరియా ఆండ్రేడ్, రాబర్ట్ మ్వాంగా, జాన్ లో 2016లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్నారు. పోషక పంటల ఉద్యమానికి ఊపిరిపోసిన హోవర్త్ బూయీకీ అదే ఏడు ఆ బహుమతి దక్కింది.

మీరూ అదే చేయండి. గుట్ట మీద ఒక దుంపను నిలువునా కోసి పెట్టండి. ఉడకబెట్టిన ముక్క ఒకటి చేతిలో పెట్టి రుచి చూడమనండి. తొక్కతోనే, మూత పెట్టి ఉడికించమని చెప్పండి. కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కాస్త నూనో నెయ్యో తగలాలని కూడా చెప్పండి.

అమ్మకానికి ముందు మాత్రం ఒక పని మరచిపోవద్దు. మొదట తవ్విన గంపెడు దుంపలు ఇంట్లో పిల్లల కోసం పక్కన పెట్టుకోండి. కూరగాయలు పండించే ఇళ్లలోనే మంచివన్నీ బజారుకు పోయి, పుచ్చువి వంటింటికి వస్తుంటాయి. ఈ ఒక్క పంటలోనైనా ఆ అలవాటు తిరగబడాలి.